కత్తి గాటు

రంజాన్ నెల, పట్టపగలు. ఫెరిదూన్ మాస్టారు గోడ పట్టుకుని తూలుతూ నా సెలూన్లోకి వచ్చాడు. మాట ముద్దముద్దగా వస్తోంది.

"ఊరంతా ఉపవాసముంటే తమరు రాకీ సారా పట్టించి వచ్చారన్నమాట! పిల్లలకి నీతులు చెప్పే నోరేనా అది?" అన్నాను. గడ్డాల కోసం కూర్చున్నవాళ్ళు పకపకా నవ్వారు.

ఈయనంటే నాకు మొదట్నించీ ఒళ్ళుమంట. వారం వారం నా చేతే గడ్డం గీయించుకుంటాడు. కత్తి కాస్త గీరుకుంటే చాలు, మూడోనాడు వచ్చి అక్కడ లేచిన చీము పొక్కు చూపిస్తాడు. "నీ కత్తి శుభ్రంగా లేదు ముజఫర్" అంటాడు. మా అమాస్యా ఊళ్ళో ఇంకెవడికీ లేవని పొక్కు ఈయనకే లేస్తుందా? "తప్పు నా కత్తిది కాదు, తమ తోలుది" అని నేనూ నలుగురిలో దులిపేసేవాణ్ణి.

మాస్టారు కుర్చీలో కూలబడ్డాడు.

"తాగలేదయ్యా. రక్తనాళాలు వాచే జబ్బట, మెదడుదాకా పాకింది. పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ నా చేతికి సూది గుచ్చి, రెండ్రోజులాగి చూసింది. గుచ్చినచోట చీము పొక్కు లేచింది. ఈ జబ్బుకి అదే పరీక్షట."

నేను చేతిలోని నురగ బ్రష్షు గిన్నెలో పెట్టేశాను.

"ఇన్నేళ్ళూ ఏం చేశావని తిట్టింది. మా ముజఫర్ ఆ పరీక్ష పదకొండేళ్ళుగా చేస్తూనే ఉన్నాడమ్మా, తప్పు నా తోలుదేనని చెప్తూనే ఉన్నాడు, నేనే నమ్మలేదన్నాను."

మాస్టారు గడ్డం పైకెత్తి కళ్ళు మూసుకున్నాడు.

"ఊఁ, కానియ్యి."