సందుల్లేని అపార్ట్‌మెంట్

తెనాలిలో మేస్త్రీ పని తేనెటీగలు అందుకున్నాక, ప్రతి ఫ్లాటుకీ ఆరు మైనపు గోడలు, గోడకో పొరుగిల్లు వచ్చాయి.

మొగుడు చంద్రమౌళి చేపల పులుసుకి వంక పెట్టాడని వకుళ నిన్నట్నుంచీ అన్నం ముట్టలేదు. తప్పు ఒప్పుకుందామంటే ఆరిళ్లూ వింటాయని అతనికి సిగ్గు.

“గదులు గుండ్రంగా కట్టుంటే మధ్యలో సందులు మిగిలేవి. అక్కడికెళ్లి చెప్పేవాణ్ణి,” అని గొణిగాడు.

“సందులొదిలితే చోటూ దండగ, మైనమూ దండగ. ఈగలకి ఆ మాత్రం తెలీదా నాయనా?” అంది గోడవతలి అనసూయమ్మ. “ఇక్కడే చెప్పెయ్. మేం వినంలే.”

అతను కళ్లు మూసుకుని, “తప్పయిపోయింది వకుళా! నీ పులుసు అమృతం,” అన్నాడు.

వకుళ కంచం ముందుకు లాక్కుంది.

ఆ వెంటనే ఆరిళ్లలోనూ ఆడవాళ్లు, “విన్నారా?” అని మొగుళ్లని నిలదీయడం వినపడింది.