మెట్ట బాతులు

“మీ ఊళ్ళో కాలువ ఉందా, లేదా? ఒక్క ముక్కలో చెప్పవయ్యా!” చంద్రరావు గారు బండి దిగకుండానే గద్దించారు.

ఊరి పెద్ద భీమరాజు తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు.

“కాలువా? ఎక్కడి కాలువండి బాబూ! ఇది మెట్ట ఊరండి. వాన పడితే నాలుగు చోళ్ళ గింజలు, పడకపోతే అవీ లేవండి.”

“పడవలు వస్తాయా?”

“నీళ్ళుంటే కదండీ పడవలు!”

“రెండో పంట వేస్తారా?”

“మొదటిదానికే దిక్కు లేదండి.”

చంద్రరావు గారు వెనక్కి తిరిగి, బండిలో పిల్లను ఎత్తుకుని కూర్చున్న కోడలి వంక చూశారు. పొద్దున బయల్దేరిన దగ్గర్నుంచి ఆయన నవ్వడం ఇదే మొదలు.

“విన్నావా అమ్మాయ్? కాలువ లేదట! రెండో పంట కూడా లేదట! ఏడాది పొడుగునా ధాన్యం బండ్ల రొద ఉండదు.”

మాణిక్యాంబ వినడమైతే విన్నది గాని, నమ్మే ఓపిక లేదు. చెయ్యి తిమ్మిరెక్కిపోయింది. పాపాయికి ఈ మధ్యనే నడక వచ్చింది. నీళ్ళు కనపడితే చాలు, అటే పరుగు. వాళ్ళుంటున్న లాకుల దగ్గర గడప దిగితే కాలువ గట్టే. మొన్న మొలతాడు దొరకబుచ్చుకుని వెనక్కి లాగింది కాబట్టి పిల్ల దక్కింది. ఆనాటి నుంచి ఆమె పాపాయిని నేల మీదకు దించలేదు. మావగారి బాధ వేరు. లాకులెత్తమని పడవ వాళ్ళు ఊదే కొమ్ముబూరాలు వినీ వినీ ఆయనకు విసుగొచ్చింది. ఇద్దరికీ కావలసింది మాత్రం ఒకటే. నీళ్ళు లేని ఊరు.

“రాజమండ్రి వెళ్తే రైలు వంతెన సుత్తి దెబ్బలు,” బండి దిగుతూ ఆయన సణుగుతున్నారు. “పాలకొల్లు వెళ్తే సంత. కాకినాడలో ఓడలు, కూలీల కేకలు. ఈ కాలువలు వచ్చాక మనిషి కాళ్ళు చాపుకునే చోటు లేకుండా పోయింది!”

ఆ కాలువల మీద ఇన్నేళ్ళూ లాకులెత్తి పడవల్ని వదిలింది తమరే కదండీ అని మాణిక్యాంబ నోటి చివరి దాకా వచ్చింది. పాపాయి చెవి లాగడంతో ఆగిపోయింది.

అరుగుల మీద జనం బిగుసుకుని నిలబడ్డారు. అందరి చూపూ చంద్రరావు గారి కోటుకున్న ఇత్తడి బొత్తాల మీదే. బిందెతో ఎదురొచ్చిన ఒకావిడ వీళ్ళను చూసి గిరుక్కున వెనక్కి తిరిగింది.

భీమరాజు చూపించిన ఇల్లు బాగానే ఉంది. ఎత్తరుగులు, వెనక కొబ్బరి చెట్లు. వాకిట్లోనే ఇసుక పరుచుకున్న పల్లం ఒకటి పొడుగ్గా పోతోంది.

“ఈ పల్లం ఏంటయ్యా?”

“పాత బండ్ల దారండి.”

“అందులో బాతులేంటి?”

భీమరాజు ఒక్క క్షణం తడబడ్డాడు. “అవాండీ? మెట్ట బాతులండి. నీళ్ళంటే వాటికి గిట్టదండి.”

ఒక బాతు ఇసుకలో ముక్కు గుచ్చి చూసి, అతని వంక తిరిగి గట్టిగా అరిచింది.

“నోర్ముయ్యవే!” అన్నాడు భీమరాజు.

మాణిక్యాంబ వంగి ఇసుక తాకింది. “చల్లగా ఉందేంటండి?”

“నిన్న వానండి, అమ్మగారూ.”

“దారిలో ఎక్కడా తడి కనపడలేదే?”

“మా ఊరి మట్టుకే పడిందండి.”

ఇంకోరోజైతే ఆమె ఊరుకునేది కాదు. కానీ బండి కుదుపులకు నడుం విరిగిపోతోంది. పిల్ల చంకలో ఒకటే గింజుకుంటోంది. అటు చూసింది, ఇటు చూసింది. చుక్క నీరు లేదు. మెల్లగా పాపాయిని ఇసుకలో దించి, తాను అరుగు అంచున కూర్చుంది. పిల్ల చప్పట్లు కొడుతూ బాతుల వెంట పడింది. చేతులు ఎంత తేలికగా ఉన్నాయో! కళ్ళు మూతలు పడబోయాయి.

“ఇల్లు ఖాయం!” అన్నారు చంద్రరావు గారు. “తాంబూలాలు పుచ్చేసుకుందాం. వచ్చే వారం సామానుతో దిగిపోతాం.”

భీమరాజు నోరు తెరిచాడు. “సామానా? తమరు ఇక్కడే ఉంటారాండీ? మరి తీరువ సంగతి?”

“ఏం తీరువ?”

“నీటి తీరువండి. మా పొలాలకి ఏ మేరకి నీరు పారుతుందో చూసి పన్ను వెయ్యడానికే కదండీ తమరొచ్చింది? ఆ కోటూ అదీ...”

“కోటు అలవాటు కొద్దీ వేసుకున్నానయ్యా! పింఛను పుచ్చుకుని ఇంట్లో కూర్చున్నవాణ్ణి. కాస్త ప్రశాంతంగా ఓ మూల పడుందామని ఊరూరా దేవులాడుతున్నాను.”

భీమరాజు చంకలోని తలగుడ్డ తీసి దులిపి తలకు చుట్టుకున్నాడు. వంగిన నడుం నిటారైంది.

“ఆ ముక్క ముందే చెప్పొద్దాండీ! పొద్దున తమరి బండి వస్తోందని కబురందిన దగ్గర్నించీ ఊరు ఊరంతా ఊపిరి బిగబట్టుకుని చస్తున్నాం!” అని, కొబ్బరి తోట వైపు తిరిగి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నాడు. “ఒరేయ్ వీరాస్వామీ! తీరువ వేసే దొరగారు కాదంటరా! తూము తలుపెత్తెయ్! ఆపిన పడవల్ని రమ్మను!”

తోట వెనక కొమ్ముబూరా మోగింది. మాణిక్యాంబ అరుగు మీంచి దూకి పాపాయిని ఎత్తుకునేసరికి నీళ్ళు ఆమె మోకాళ్ళ దాకా వచ్చేశాయి. మెట్ట బాతులు వరసగా ఆమె పక్కనుంచి ఈదుకుంటూ వెళ్ళిపోయాయి.