సీరో ఫ్లాస్కు

"ఇవాళైనా అన్నం తిందా అక్కా, నీ ముద్దుల ఈస్టు?" అని సీరో అడిగేసరికి జుసారాకి ఒళ్ళు మండింది.

వాడు వెటకారంగా అడగలేదు. ఆ సంగతి తెలిసి ఇంకా మండింది.

పిరసికాబా ఊళ్ళో చెరకు కొట్టే రోజులు. కిటికీ తీస్తే మిల్లు వాసన. గుట్టలుగా పడే పిప్పిలోంచి బళ్ళకు పోసే ఆల్కహాలు తీయాలని ఆ ప్రయోగశాలలో అందరి ఆరాటం. పిప్పిలో ముఖ్యంగా రెండు చక్కెరలుంటాయి. ఒకటి గ్లూకోజు. రొట్టెల్లో వేసే మామూలు ఈస్టు దాన్ని ఆబగా మింగి ఆల్కహాలు చేసిపెడుతుంది. రెండోది జైలోజు. దాని వంక కన్నెత్తి చూడదు. ఆ జైలోజుని ఈస్టు చేత ఎవరు తినిపిస్తే వాళ్ళకే ఈసారి శాశ్వత ఉద్యోగం అని ప్రొఫెసర్ ఎల్విరా తేల్చి చెప్పేసింది.

పోటీలో మిగిలింది ఇద్దరే.

జుసారా ఇక్కడ చేరినప్పుడు ఆమె తలలో ఒక్క తెల్ల వెంట్రుక లేదు. అడవిలో కుళ్ళిన దుంగలు చీల్చి, చెక్క తిని బతికే నల్ల పురుగుల పొట్టలోంచి ఈస్టు పట్టుకొచ్చింది. చెక్క నిండా జైలోజే, పురుగుకి దాన్ని అరిగించి పెట్టేది ఈ ఈస్టే అని ఆమె నమ్మకం. కానీ ఫ్లాస్కులో పోసి గాలి దూరకుండా మూత బిగించేసరికి అది సగం దారిలో చతికిలపడేది. జైలోజుని చూయింగ్ గమ్ములో వేసే తీపిగా మార్చేసి, ఇక నావల్ల కాదన్నట్టు కూర్చునేది.

సీరో నిన్నగాక మొన్న వచ్చాడు. ఆవు పొట్టలో గడ్డి అరిగించే బూజు నుంచి ఒక జన్యువు తీసి మామూలు ఈస్టులో పెట్టాడు. అది నత్తనడకనైనా జైలోజుని తినడం మొదలుపెట్టింది. అంతే, కిటికీ పక్క బల్ల వాడిది. కొత్త యంత్రం వాడిది. ఫ్రిజ్‌లో చోటు చాలదంటూ జుసారాని తన అర ఖాళీ చేయమన్నారు. ఆ మంగళవారం ఉదయమే ఖాళీ చేసింది.

మధ్యాహ్నం ఆఫీసులో ఎవరిదో పుట్టినరోజు. అందరూ అక్కడ చేరి పాట పాడుతున్నారు. ల్యాబులో జుసారా ఒక్కతే. ఎదురుగా కొత్త యంత్రం మీద సీరో ఫ్లాస్కు మెల్లగా ఊగుతోంది.

కడగడానికి పెట్టిన గాజు గొట్టాల్లోంచి, అడుగున బురదలా ఏదో మిగిలి ఉన్న ఒకదాన్ని తీసింది. ఎవరిదో, ఏమిటో చూడలేదు. మురికి మురికే. చెడగొట్టడానికి ఏదైతేనేం? ఫ్లాస్కులో ఒంపేసింది. కారిడార్‌లో నవ్వులు వినబడ్డాయి. గబగబా మూత పైపైన పెట్టేసి బయటపడింది.

"ఎక్కడికి పోయావక్కా? నీ కోసం ఈ ముక్క దాచలేక చచ్చాను, అందరి కళ్ళూ దీని మీదే" అంటూ సీరో కేకు తెచ్చి చేతిలో పెట్టాడు.

తినేసింది. తియ్యగానే ఉంది.

గురువారం పొద్దున ల్యాబులో పెద్ద కేక.

"అక్కా! లేదు! జైలోజు చుక్క లేదు! అంతా ఆల్కహాలే!"

సీరో ఆమెను పట్టుకుని గిరగిరా తిప్పేశాడు. జుసారా నవ్వడానికి ప్రయత్నించింది. దవడలు నొప్పి పుట్టాయి. 'విషం పోసినా వీడికి అమృతమైపోతోందే' అనుకుంది.

ఆదివారం పెరట్లో మాంసం కాల్చి విందు చేశారు. సీరో తల్లి ఊరి నుంచి జున్నుముద్ద మోసుకొచ్చింది. జుసారా రెండు చేతులూ పట్టుకుని, "మీ దగ్గరే అన్నీ నేర్చుకున్నాడటమ్మా! ఇంటికి ఫోను చేస్తే చాలు, అక్క ఇలా అంది, అక్క అలా చేసింది. వినలేక చస్తున్నా" అంది. ఆ చేతులు విడిపించుకోవడానికి జుసారా మోచేత్తో పక్కనున్న గ్లాసు తగిలించి కావాలని ఒలకబోసుకుంది.

మర్నాడు ఎల్విరా జుసారాని తన గదిలోకి పిలిచింది. లోపల సీరో ఉన్నాడు. కళ్ళు వాచి ఉన్నాయి.

"నాది కాదక్కా అది" అన్నాడు. "నా ఈస్టు వెతికినా కనబడటం లేదు. ఫ్లాస్కు నిండా ఇంకేదో ఉంది."

జుసారా గుండెల్లో చల్లగా ఏదో దిగింది. ఎన్నాళ్ళకి! వాడిదేం కాదు. వాడికేం రాదు.

"మూత వదులుగా ఉండి కాస్త గాలి తగిలింది" అంది ఎల్విరా. "ఆ కాస్త గాలే దీనికి ఊపిరి. ఇలాంటిదాన్ని నేనెక్కడా వినలేదు. ఇది ఎవరిదో వాళ్ళకే ఉద్యోగం, పేరు, అన్నీ. కానీ దీన్ని సీరో ఫ్లాస్కులో కలిపినవాళ్ళని మాత్రం ఆ క్షణమే గేటు బయటికి నెడతాను. నా అనుమానం, ఇద్దరూ ఒకరే. ఈస్టుల మొహాలు గుర్తుపట్టడంలో నీ తర్వాతే ఎవరైనా. చూడు జుసారా, ఎవరిదమ్మా ఇది?"

జుసారా బల్ల మీది సూక్ష్మదర్శిని మీదికి వంగింది. చాలాసేపు చూసింది. తల ఎత్తేటప్పటికి సీరో మంచినీళ్ళు పట్టుకుని నిలబడ్డాడు.

"తెలీదు మేడమ్" అంది. "దీన్ని నేనెప్పుడూ చూడలేదు."

గాజుపలక మీద ఉన్నది, అడవి దుంగలోంచి తెచ్చి ఇన్నేళ్ళూ కన్నబిడ్డలా సాకి, మంగళవారం ఉదయం తన చేతులతోనే గొట్టాలతో సహా కడగడానికి పడేసిన పురుగు పొట్ట ఈస్టు.