ఎండ లేని రోజు

"ఏమయ్యోయ్, మా చేను మీదుగా గానీ రోడ్డేస్తున్నారా ఏంటి?"

అద్దంకి దగ్గర తన మిరపచేలో నిలబడి కేకేశాడు అంకమ్మరావు.

గట్టు మీద మూడుకాళ్ళ స్టాండుకి గాజుబుడ్డి బిగించి, ఆకాశంలోకి చూస్తున్నాడొక కొత్త కుర్రాడు.

"రోడ్డు కాదండీ, మబ్బుల్ని కొలుస్తున్నా."

"కొలిచి ఏం చేసుకుంటావ్?"

"ముందుముందు భూమి ఎంత వేడెక్కుతుందో లెక్క కడతామండి. కిందుండే దట్టపు మబ్బు గొడుగు పడుతుంది. పైనుండే పల్చటిది దుప్పటి కప్పుతుంది. రేపు ఏవి పెరుగుతాయో తెలీకే మా లెక్క తేలడం లేదు."

"తెలీని దానికి ఇంత సరంజామానా!"

కూలీలు పకపకా నవ్వారు. వాళ్ళతో పాటు వంగి కాయ కోస్తున్న అంకమ్మరావు భార్య సుబ్బరావమ్మ అందరికంటే గట్టిగా నవ్వింది.

అది ఆఖరి కోత. పండిన కాయ రాలిపోతోందని అంకమ్మరావుకు ఒకటే తొందర.

ఎండ ముదిరేవేళకి గాలి ఆగిపోయి, ఆకాశమంతా తెల్లటి పల్చటి మబ్బు పరుచుకుంది.

రోజూ ఆ వేళకి ఇళ్ళకెళ్ళే కూలీలను అంకమ్మరావు ఆపేశాడు.

"ఎండే లేదు కదర్రా! సాయంత్రం దాకా కానివ్వండి."

కుర్రాడు పరుగున వచ్చాడు.

"వద్దండీ, ఇది దుప్పటి మబ్బు. ఎండ తెలీదు గానీ ఉక్క చంపేస్తుంది. దణ్ణం పెడతా, వీళ్ళని పంపించండి."

"ఇందాక తెలీదన్నావ్, ఇప్పుడు తెలిసొచ్చిందా?"

"తెలీనిది ముందు కాలం సంగతండి. ఇది ఇప్పటిది."

"గట్టు దిగు ముందు!"

అంకమ్మరావు గట్టెక్కి స్టాండును కాలితో తన్నాడు. గాజుబుడ్డి పగిలింది.

కుర్రాడు ముక్కలు ఏరుకున్నాడు గానీ వెళ్ళిపోలేదు. రోడ్డు మీద ఆపిన తన కారు పక్కనే నిలబడ్డాడు.

ఎంత చెబితే ఏం లాభం, వినే చెవి ఉండాలిగా!

కాసేపటికి సుబ్బరావమ్మ సాలు మధ్యలో కూలబడింది. ఒళ్ళు పెనంలా కాలుతోంది.

అందరికంటే ముందు చేరింది ఆ కుర్రాడే. తల మీద నీళ్ళు గుమ్మరించి, ఎత్తుకెళ్ళి కారెక్కించాడు. దారి పొడుగునా "కళ్ళు తెరవమ్మా" అంటూనే నడిపాడు.

ఆసుపత్రి చేరేసరికే ప్రాణం పోయింది.

"వడదెబ్బ" అన్నాడు డాక్టరు.

"ఎండే లేదు కదండీ!" అంకమ్మరావు గుండెలు బాదుకున్నాడు.

మెట్ల మీద అతని పక్కన కూర్చుని ఆ కుర్రాడూ వెక్కివెక్కి ఏడుస్తున్నాడు.

"నేనంత మాటన్నా, నా భార్య కోసం ఇంతగా ఏడుస్తున్నావు. ఎవరబ్బాయివి నాయనా?"

కుర్రాడు కళ్ళు తుడుచుకున్నాడు.

"మౌలాబీ కొడుకునండి. నా చిన్నతనంలో, ఇలాంటి మబ్బు రోజే, మీ చేలో కాయ కోస్తూ పడిపోయి చచ్చిపోయింది మా అమ్మ."