సార్ ఏమంటారు?

“చిన్నది కావాలి. గేర్లు చేత్తో వేసేది కావాలి,” అంది ఆవిడ మూడోసారి.

సేల్స్‌మన్ భక్తిగా తలూపాడు. ఊపి, సోఫాలో ఆవిడ పక్కన కూర్చున్నాయన వైపు తిరిగాడు.

“సార్ ఏమంటారు?”

సార్ టీ ఒక గుటక వేసి, “పెద్దదైతే దర్జాగా ఉంటుంది కదా,” అన్నాడు.

ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. దర్జా అట, దర్జా!

పందొమ్మిదేళ్ళుగా ఆవిడది అద్దాల పని. కిటికీ అద్దాలు కోయడం, పికప్‌లో నిలబెట్టి కట్టడం, తీసుకెళ్ళి బిగించడం. పాత పికప్ మొన్న నడిరోడ్డు మీద చేతులెత్తేసింది. సోమవారం పొద్దున్నకల్లా కొత్తగా కట్టిన బడికి ఎనభై నాలుగు అద్దాలు చేరాలి. చేరకపోతే పని ఇంకొకరికి ఇచ్చేస్తానని కాంట్రాక్టరు మొహం మీదే చెప్పాడు. ఏడాది పాటు చెప్పులరిగేలా తిరిగితే దొరికిన పని అది.

షోరూములో చిన్న గేర్ల పికప్ ఒక్కటంటే ఒక్కటే ఉంది. మిగిలినవన్నీ ఏనుగుల్లాంటి ఆటోమేటిక్ బళ్ళు. ఎలాగైనా ఒక ఏనుగుని అంటగట్టాలని సేల్స్‌మన్ ఆరాటం.

“ఆటోమేటిక్ అయితే మేడమ్ కూడా నడుపుకోవచ్చు సార్,” అన్నాడతను.

మేడమ్ కూడా! ఇతను లాగు తొడుక్కునే రోజుల నుంచీ ఈ మేడమ్ క్లచ్ తొక్కుతోంది.

“మా దుకాణమున్న సందులో పెద్ద బండి తిరగదు,” పళ్ళు బిగించి చెప్పింది ఆవిడ. “పైగా అదంతా దిగుడు. వెనకాల అద్దాలు పెట్టుకుని ఫస్టు గేర్లో పట్టి మెల్లగా దించాలి. గేరు నా చేతిలో ఉండాలి. దాని ఇష్టానికి అది మార్చుకుంటే కిందికి చేరేసరికి నాకు మిగిలేవి పెంకులే.”

“కరెక్టుగా చెప్పారు మేడమ్,” అన్నాడు సేల్స్‌మన్. మళ్ళీ ఆయన వైపే తిరిగాడు. “సార్, పెద్దదాంట్లో సీటు ఎంత మెత్తగా ఉంటుందో ఒక్కసారి కూర్చుని చూడండి.”

సార్ లేచి వెళ్ళి కూర్చున్నాడు కూడా. మెత్తగానే ఉందన్నాడు. ఇంకో టీ వచ్చింది, ఆయనకే.

ఇక్కడ ఆకు కదలాలన్నా ఈయన తలూపాల్సిందేనని ఆవిడకి అర్థమైంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టుంది వ్యవహారం. ఒళ్ళు హూనం చేసుకునేది ఒకరు, పెత్తనం చేసేది ఇంకొకరు. ఎక్కడికెళ్ళినా ఇంతే. అద్దం బిగించడానికి వెళ్తే, “మగవాళ్ళెవరూ రాలేదా?” అంటారు. వచ్చి ఏం చేస్తారు? టీ తాగుతారు.

చివరికి ఆయన్నే నిలదీసింది.

“ఏమండీ, చిన్నది ఇమ్మని మీరొక్క మాట చెప్పండి, ఈ గొడవ వదిలిపోతుంది.”

“నాదేముంది,” అన్నాడాయన కప్పు కింద పెడుతూ. “చిన్నదే ఇచ్చేయండి.”

“సార్ ఓకే అనేశారు!” సేల్స్‌మన్ మొహం వెలిగిపోయింది. అరగంట నుంచి ఆవిడ అరిచి గీపెట్టిన మాటే అది. ఆవిడ నోట్లోంచి వస్తే గాలి, ఆయన నోట్లోంచి వస్తే వేదం.

నడిపి చూస్తానంది. తాళంచెవి తీసుకుంది. రెండు ఏనుగుల మధ్య నుంచి, అటు జానెడు ఇటు జానెడు సందులో, ఒక్క ఊపున రివర్సులో బయటికి తీసింది.

“చూశారా సార్,” అన్నాడు సేల్స్‌మన్, “బండి ఎంత చక్కగా తిరుగుతుందో!”

బండి తిరుగుతుందట. తిప్పిన చెయ్యి మాత్రం కనపడదు.

కాగితాల్లో పేరు ఆవిడది, చెక్కు ఆవిడది. పెన్ను మాత్రం ఆయన చేతికిచ్చారు. ఆయన ఇబ్బందిగా నవ్వి దాన్ని ఆవిడ వైపు జరిపాడు. “సార్‌ది ఎంత పెద్ద మనసు!” అన్నాడు సేల్స్‌మన్. కాగితం చిరుగుతుందా అన్నంత గట్టిగా సంతకం పెట్టింది ఆవిడ.

ఇక ఫొటో. అట్టతో చేసిన నిలువెత్తు తాళంచెవి తెచ్చి ఆయన చేతుల్లో పెట్టారు. బండి ముందు సరిగ్గా మధ్యలో నిలబెట్టారు. “కొంచెం పక్కకి జరగండి మేడమ్, సార్‌కి అడ్డమొస్తున్నారు,” అన్నారు. ఆయన కాలరు సర్దుకుని నవ్వాడు. ఆవిడ నవ్వలేదు.

బండెక్కి ఇంజను స్టార్ట్ చేసింది. ఆయన గేటు దాకా వెంట వచ్చి, కిటికీ పక్కన నిలబడ్డాడు. అప్పుడిక ఆవిడ వల్ల కాలేదు. అద్దం దించి, అందరూ వినేటట్టే కడిగేసింది.

“ఇంతసేపు నా పక్కనే కూర్చున్నారు కదండీ! కొనేది ఆవిడ, నడిపేది ఆవిడ, ఆవిడతోనే మాట్లాడవయ్యా అని ఒక్క మాట అనడానికి మీకు నోరు రాలేదా?”

ఆయన అటూ ఇటూ చూసి, గొంతు బాగా తగ్గించి, “నేనెలా చెప్పనమ్మా, వాళ్ళేమో నన్ను మీ ఆయన అనుకున్నారు, మీరేమో నన్ను వాళ్ళ ఓనరు అనుకున్నారు, నేనేమో పక్కనున్న కంటి ఆసుపత్రిలో నా నంబరు పిలిచేదాకా చల్లగా కూర్చుందామని వచ్చాను!” అన్నాడు.