పదిహేను సెంటీమీటర్లు

"వదిలేస్తున్నా నాన్నా!"

కూతురి వేళ్ల మధ్య నుంచి స్కేలు జారింది. డ్రైవరు కుడిచేత్తో టక్కున పట్టుకున్నాడు.

"ఇరవై సెంటీమీటర్లు. అంటే..." ఆమె గబగబా లెక్క కట్టింది. "సెకనులో ఐదో వంతు. ఇలాగైతే ఎలా నాన్నా? పదిహేనుకి రావాలి!"

బస్సు డ్రైవరుకి చెయ్యి విరిగి నాలుగు నెలలైంది. పడే స్కేలుని పదిహేను సెంటీమీటర్లలోపు పట్టుకుంటేనే స్టీరింగ్ ఇస్తానని డిపో డాక్టరు అన్నాడట. ఆ లెక్కేమిటో చెప్పమని కూతుర్ని అడిగాడు. భౌతికశాస్త్రం తప్పాక, ఆ పుస్తకం ఈ జన్మలో ముట్టనని భీష్మించుకుంది ఆ పిల్ల. తల్లి బతిమాలినా వినలేదు. నాన్న ఉద్యోగం అనేసరికి అటక ఎక్కి మరీ పుస్తకం దించింది. అప్పటినుంచీ రోజూ సాయంత్రం ఇదే తంతు. పనిలో పనిగా మళ్లీ పరీక్షకి ఫీజూ కట్టేసింది.

"భూమి లాగితే ఇంత. మరి కరెంటు లాగితే?"

"విద్యుత్ క్షేత్రంలోనూ ఇంతే నాన్నా. దానికి ఎదురుగా ధన విద్యుదావేశాన్ని నెట్టడమంటే బరువు పైకెత్తడం లాంటిదే, మనం పని చెయ్యాలి. ఎంత తిప్పినా బయల్దేరిన చోటికే తెస్తే మాత్రం క్షేత్రం చేసిన పని మొత్తం సున్నా."

"పది ఊళ్లు తిరిగి డిపోకొస్తే సున్నానా? మేనేజరు చెవిన పడితే కొంప మునుగుతుందే!"

"బస్సుకి రాపిడి ఉంటుందిలే. నీ జీతానికేం ఢోకా లేదు!"

వంటింట్లో తల్లి క్యారేజీ కడుగుతూ నవ్వింది.

"రోజూ ఆస్పత్రిలో చేతి వ్యాయామానికి క్యారేజీ పట్టుకెళ్లేది మా నాన్నొక్కడే," అంది కూతురు.

"విరిగిన చేతికి ఆకలెక్కువ," అంది తల్లి మొహం తిప్పుకుని.

ఆఖరిసారి స్కేలు పద్నాలుగు దగ్గర ఆగింది. కూతురు ఎగిరి గంతేసింది. "రేపు ఇద్దరం పాసే నాన్నా! నువ్వు డాక్టరు దగ్గర, నేను పరీక్ష హాల్లో!"

మర్నాడు విద్యుత్ క్షేత్రం ప్రశ్న చూడగానే ఆమెకి పది ఊళ్ల బస్సు గుర్తొచ్చింది. ఇక పెన్ను ఆగలేదు. ఈసారి గట్టెక్కినట్టేనని సంబరంగా బయటికొచ్చి, ఎదురుగా ఆగిన బస్సెక్కింది.

డ్రైవరు సీట్లో నాన్న!

"నాన్నా! అప్పుడే స్టీరింగ్ ఇచ్చేశారా?"

డ్రైవరు అద్దంలోకి చూస్తూ మీసం దువ్వుకున్నాడు. టికెట్లు కొడుతున్న కండక్టరు తెల్లబోయాడు.

"అప్పుడే ఏంటమ్మా, ఇచ్చి నెలైంది!"