గడ్డి తీసేసిన గంట

"కాఫీ తీసుకోండి" అని ఆస్లక్ రెండుసార్లు అన్నాడు.

గోడవైపు తిరిగి పెట్టె విప్పుకుంటున్న కొత్తమనిషి ఉలకలేదు, పలకలేదు.

పొగరు, అనుకున్నాడు ఆస్లక్. మొదటిరోజే మనిషి నచ్చలేదు.

పేరు ఓస్మో. దక్షిణాది నుంచి వచ్చాడు. ఉత్తరధ్రువం దాపున ఆ చలికాలపు ఆకాశంలో రంగురంగుల వెలుగులు ఆడేటప్పుడు చప్పుడు వస్తుందో రాదో తేల్చడం అతని పని. అవి ఉండేది వంద కిలోమీటర్ల పైన, అక్కడి చప్పుడు ఇక్కడికెలా దిగుతుందని పెద్ద చదువులవాళ్ళు కొట్టిపారేస్తారట. ఓస్మో నమ్మకం వేరు. గాలి కదలని గడ్డు చలిలో నేలను అంటుకుని చల్లగాలి, దానిమీద మూతలా వెచ్చగాలి నిలుస్తాయట. చప్పుడు పుట్టేది ఆ మూత దగ్గర, నాలుగైదు చెట్ల ఎత్తులోనేనట. చప్పుళ్ళు టేపు మీదికి పట్టే పెట్టెలో సూది కదిలితే చాలదు. ఏది మంచు పగిలిన చప్పుడో, ఏది వెలుగులదో విడదీసి చెప్పే చెవి కావాలి.

ఆ చెవి ఆస్లక్ భార్య రిస్తిన్‌ది.

ఆ సంగతి ఊరూరా చాటింది ఆస్లకే. పెళ్ళయిన కొత్తలో ఒక సాయంత్రం ఆమె అతని చెయ్యి పట్టుకుని, వెలుగులు మాట్లాడుతున్నాయి, విను అంది. అతనికేమీ వినబడలేదు. మర్నాడు మందల దొడ్డి దగ్గర ఆ మాట చెప్పి అందరినీ నవ్వించాడు. అప్పటినుంచి ఆమె "చెవుల రిస్తిన్" అయిపోయింది. పదకొండేళ్ళయింది. మళ్ళీ ఆ ఊసు మొగుడి దగ్గర ఎత్తలేదు.

ఇప్పుడేమో పరాయివాడికి చెబుతోంది.

సూర్యుడు మొహం చూపించని నెల అది. సాయంత్రం నాలుగింటికల్లా ఇద్దరూ గడ్డకట్టిన చెరువు మీదికి వెళ్ళేవారు. ఓస్మో లాంతరు ఎత్తి రిస్తిన్ మొహానికి దగ్గరగా పట్టుకునేవాడు. ఆకాశం వంక చూసేవాడే కాదు. ఆమె పెదాలనే రెప్పవెయ్యకుండా చూసేవాడు. కొట్టం చాటునుంచి ఆస్లక్ అదంతా చూస్తూ కడుపు మండించుకునేవాడు.

దానికి తోడు యోవ్నా మామ ఒకడు. "ఏరా, మీ ఇంటికొచ్చినాయన వెలుగుల కోసం వచ్చాడా, మీ ఆవిడ కోసమా?" అన్నాడు అందరిముందూ.

ఆ పూట ఆస్లక్ కంచం పక్కకు నెట్టేశాడు.

"ఏం చెబుతావు వాడికి?" అన్నాడు.

"నాకు వినబడిందే."

"నాకు చెప్పవేం?"

"నీకొకసారి చెప్పానుగా" అంది రిస్తిన్, గిన్నెలు తీస్తూ.

ఆ మాట సూటిగా తగిలింది. తప్పు తనదేనని ఆస్లక్‌కి తెలుసు. తెలిసినా కోపం మాత్రం ఓస్మో మీదికే మళ్ళింది.

మర్నాడు సాయంత్రం వెలుగులు విరగబడి వచ్చాయి. ఆకుపచ్చా ఎరుపూ కలిసి ఆకాశం ఈ చివరనుంచి ఆ చివరకు ఊగుతోంది. అంతటివి ఆ చలికాలంలో మళ్ళీ రాలేదు.

అలాంటప్పుడు ఈల వెయ్యకూడదు. మంచుబండి లాగే రెయిన్‌డీర్ దుప్పి మెడగంటలో మోగకుండా ఎండుగడ్డి కుక్కాలి. చప్పుడు చేసి కవ్విస్తే వెలుగులు దిగివచ్చి మనిషిని ఎత్తుకుపోతాయి. చిన్నప్పుడు గడ్డి పెట్టడం మరిచిపోయి తండ్రి చేత ఆస్లక్ దెబ్బలు కూడా తిన్నాడు.

ఆరోజు తన చేత్తోనే గడ్డి పీకేశాడు. బండి కట్టి చెరువు చుట్టూ తిప్పాడు. ఒకటి కాదు, ఏడు చుట్లు. గంట గణగణలాడింది. వాడి పెట్టెలో గంట తప్ప ఇంకేమీ పడకూడదు, అంతే.

రిస్తిన్ ఒక్కసారి తలతిప్పి చూసింది. మళ్ళీ చెప్పుకుపోయింది.

ఓస్మో అసలు తిరగనేలేదు. ఆస్లక్‌కి అదే ఇంకా మండింది.

రెండురోజులకు ఓస్మో సామాను సర్దుకున్నాడు. వెళుతూ ఆస్లక్ చెయ్యి పట్టుకుని, ఎప్పటిలాగే ఎత్తుపల్లాలు లేని పెద్ద గొంతుతో, "అదృష్టవంతుడివి" అన్నాడు. ఎత్తిపొడుస్తున్నాడనుకుని ఆస్లక్ చెయ్యి లాక్కున్నాడు.

మంచు కరిగే రోజుల్లో రిస్తిన్ పేరున ఒక పొట్లం వచ్చింది. లోపల ఒక టేపు, ఓస్మో చెల్లెలి ఉత్తరం. అన్నయ్య పోయాడు, ఈ ఒక్క టేపూ విడిగా దాచుకున్నాడు, మీకు పంపమన్నాడు అని రాసింది.

యోవ్నా మామ దగ్గరనుంచి మిషను తెచ్చి ఆస్లకే పెట్టాడు.

గంట. చెవులు చిల్లులుపడేలా గంట. దాని అడుగున ఎక్కడో రిస్తిన్ గొంతు. "ఇప్పుడు... పొడి బెరడు నిప్పులో పడ్డట్టు..." మళ్ళీ గంట. "మా అమ్మ పట్టుగుడ్డ..." మళ్ళీ గంట.

పదకొండేళ్ళుగా వినాలనుకున్న మాటలు. మిషనుకు చెవి ఆనించాడు. వెనక్కి తిప్పాడు. మళ్ళీ పెట్టాడు. తన గంటే మోగింది.

"ఇక్కడేమన్నావు, రిస్తిన్?" అన్నాడు.

"ఏమన్నానో ఇప్పుడు గుర్తులేదు. ఆయనకు మాత్రం ఒక్క మాట పోకుండా అందింది."

"ఎలా అందుతుంది? నా గంట ఆయన చెవిలోనూ మోగిందిగా. మోగాలనే తిప్పాను."

రిస్తిన్ టేపు ఆపింది.

"చెవిటివాడికి చప్పుళ్ళ పని ఎవరిస్తారని, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడయ్యా. తొమ్మిదో ఏట జ్వరంలో రెండు చెవులూ పోయాయి. అంతకుముందు ఒక్కసారి విన్న వెలుగుల చప్పుడును నా పెదాల మీద చూసుకోవడానికి వచ్చాడు."